రాణిగారి సంతకం

వేలెడు వెడల్పున్న ఒక కాగితం ముక్క గురించి చెప్పాలి. దాన్ని నేను చేతిలో పట్టుకున్నది కొద్ది రోజులే. మోస్తున్నది మాత్రం పడుచుతనం నుంచి ఇప్పటిదాకా. జుట్టు నెరిసింది, పళ్లు ఊడాయి, దుకాణం కొడుకుల చేతికి పోయింది, అది మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఎవరికైనా చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ ఇంకేదో మాట చెప్పి మూసుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నాకు కావాల్సిందీ అదే. తెలిసినవాళ్లకు చెబితే ముందు నన్ను నేను వెనకేసుకొస్తాను, ఆ విద్య నాకు బాగా వచ్చు. మీ ముందు కూడా అదే చేస్తానేమో. చేస్తుంటే కనిపెట్టండి. నా పేరు రాయను. ఊరి పేరు దాచలేను, జహీరాబాద్ కాకపోతే ఇది జరిగేదే కాదు.

మాది బట్టల దుకాణం. మా పెద్దలు బీదర్ పక్క నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు, గల్లా దగ్గర ఉర్దూ. దుకాణం అరుగు మీద మిషన్ పెట్టుకుని గఫూర్ వాళ్ల నాయన కుట్టేవాడు, ఆయన చూపు తగ్గాక గఫూర్ కూర్చున్నాడు. బట్ట లోపల కొంటారు, అరుగు మీద కొలతలిస్తారు. గఫూర్‌దీ నాదీ ఒకటే ఈడు. కలిసి పెరిగాం, కలిసి తిరిగాం, కలిసే తన్నులు తిన్నాం. అతనికి ఉర్దూ ఒక్కటే చదవడం వచ్చు, అదీ కూడబలుక్కుని. నాకు కన్నడం చదవడం, రాయడం వచ్చు. ఈ ఒక్క తేడా గుర్తు పెట్టుకోండి. నేను చేసిందంతా దీని మీదే నిలబడింది.

యుద్ధం నడుస్తున్న రోజులు. బట్టకు కరువు, కిరసనాయిలుకు కరువు, నాటకాలకు మాత్రం కరువు లేదు. ఒక ఎండాకాలం స్టేషన్ పక్క మైదానంలో కన్నడ నాటకాల కంపెనీ రేకుల డేరా వేసింది. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. రాణి వేషం కట్టే ఆయన అసలు పేరు ఊళ్లో ఎవరూ పలికేవారు కాదు. అందరికీ రాణిగారే. పగలు పంచె ఎగ్గట్టి, బీడీ కాలుస్తూ దుకాణానికి వచ్చినా మా నాయన, "రాణిగారొచ్చిన్రు, జర కుర్చెయ్యిన్రి" అనేవాడు. ఆయన దర్జాగా కూర్చునేవారు.

ఒకరోజు రాణిగారి రవికె చంకలో పిగిలి గఫూర్ చేతికి వచ్చింది. గఫూర్ మిషన్ తొక్కుతూ క్రితం రోజు నాటకంలో విన్న పాట పాడుకుంటున్నాడు. అతనికి ఆ భాష రాదు, మాటలు సగం తప్పు. పాడేటప్పుడు తల ఎత్తడు. రాణిగారు వెనక నిలబడి బీడీ ఆరిపోయేదాకా విన్నారు. రవికె చంకన పెట్టుకుని, గఫూర్ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయారు.

నేను పక్కనే ఉన్నాను. రాణి మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. ఆయనకు అప్పజెప్పి మెప్పు పొందాలని పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నాను. నా వైపు చూడను కూడా చూడలేదు. అప్పుడే నాలో ఏదో మెలిపడిందా? ఏమో. పడిందనే అనుకుంటున్నాను.

కంపెనీ వెళ్లిపోయాక మాకు సంతకాల పిచ్చి పట్టుకుంది. షోలాపూర్ నుంచి బట్ట తెచ్చే ఏజెంటు దగ్గర ఒక పత్రికలో చూశాం. నటులకు జాబు రాసి, ఒక ఖాళీ చీటీ పెట్టి, మన చిరునామా రాసి టికెట్టు అంటించిన తిరుగు కవరు కూడా జతచేస్తే, వాళ్లు చీటీ మీద సంతకం చేసి అదే కవరులో టపాలో వేస్తారట. ఇంత సులువా అనుకున్నాం. బట్టల తానుల లోపల వచ్చే అట్టను చీటీలుగా కోసేవాణ్ణి. ఎప్పుడూ రెండు. ఒకటి నాది, ఒకటి గఫూర్‌ది. ఏ కంపెనీ ఎక్కడ మకాం వేసిందో రైలు దిగినవాళ్లను అడిగేవాళ్లం. గుల్బర్గా నుంచి ఒక హాస్యగాడి సంతకం వచ్చింది. హైదరాబాదు నుంచి ఉర్దూ నాటకాలాయనది వచ్చింది, అది గఫూర్ నాకు చదివి పెట్టాడు. అతను నాకు చదివి పెట్టింది ఉన్నదున్నట్టే చదివి ఉంటాడు. అలాంటి అనుమానం నాకెప్పుడూ రాలేదు, చూశారా?

రాణిగారికి రాయాలంటే మాత్రం ఇద్దరికీ జంకు. చివరికి ఆయన హుబ్బళ్లిలో ఉన్నారని తెలిసి ధైర్యం చేశాం. హుబ్బళ్లి నిజాం సరిహద్దు అవతల, ఇంగ్లీషువాళ్ల ఇలాకా. జాబు ఏజెంటు చేతికిచ్చి షోలాపూర్‌లో వెయ్యమన్నాం. జాబు నిండా నా గొడవే. మీ మాటలన్నీ నాకు వచ్చు, మీరు కన్నెత్తితే ఎలా ఉంటుంది, మీరు నడిస్తే ఎలా ఉంటుంది అని పుటలు నింపాను. గఫూర్ బతిమాలితే అడుగున ఒక వాక్యం చేర్చాను. మీ రవికె కుట్టిన దర్జీ సలాం చెబుతున్నాడు అని.

తిరుగు కవరు మీద ఎప్పటిలాగే మన నిజాం సర్కారు టికెట్టు అంటించాను. ఆ టికెట్టు మన సరిహద్దు లోపలే చెల్లుతుంది, హుబ్బళ్లిలో దానికి విలువ లేదు. అప్పటిదాకా మేం రాసినవన్నీ మన ఇలాకాలోని ఊళ్లకే కనుక ఆ సంగతి తట్టనే లేదు. ఆ పొరపాటు జరగకుంటే రాణిగారు రెండు చీటీలూ ఆ కవరులో పడేసి పంపేవారు. నాకీ జాబు రాసే అవసరం ఉండేది కాదు. టికెట్టు మీదికి నెడుతున్నానా? నెడుతున్నాను. ఆపుతాను.

జవాబు వచ్చిన రోజు గఫూర్ ఊళ్లో లేడు. న్యాల్‌కల్‌లో పెళ్లివారింట్లో ఉన్నాడు. అప్పట్లో పెళ్లి బట్టలంటే దర్జీ మిషన్ బండికెత్తుకుని ఆ ఇంటికే పోయి, పని అయ్యేదాకా అక్కడే తిని అక్కడే కుట్టేవాడు. టపా మనిషి బైరంగ్ జాబు వచ్చిందన్నాడు, అంటే టికెట్టు లేనిది, తీసుకునేవాళ్లు కట్టాలి. మా నాయన సణుక్కుంటూ కట్టి నా ముందు పడేశాడు. పైన నా పేరే ఉంది. లోపల నా అట్ట మీద నిండుగా సంతకం. గఫూర్ అట్ట ఖాళీగా ఉంది. దాంతో పాటు ఒక పల్చటి కాగితం మీద జాబు. అది ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. రాణి మాటలు ఏనాడో మరిచిపోయాను, ఇవి మాత్రం పోలేదు.

"మీ నిజాం టికెట్టు చూసి ఇక్కడి టపా గుమాస్తా పడీపడీ నవ్వాడు. మీ కవరు పనికిరాలేదు కనుక నేనే కవరూ కాగితం తీసుకోవలసి వచ్చింది. తీసుకున్నాక రాయకుండా ఎలా? నీ చీటీ మీద సంతకం చేశాను. దర్జీ అబ్బాయి చీటీ మీద చేయలేదు. అతనికి చీటీ ఎందుకు, మనిషినే రమ్మను. నా గొంతు పోతోంది. అతన్ని దగ్గర పెట్టుకుని నేర్పాలని ఉంది, యజమానికి చెప్పాను, ఒప్పుకున్నాడు. వానలు పట్టేలోపు రావాలి. కన్నడం రాదని భయపడవద్దని చెప్పు. పాట ఉంది, మాట నేను నేర్పుతాను. నువ్వు దగ్గరుండి రైలెక్కించు."

దాని కింద సంతకం.

మళ్లీ మళ్లీ చదివాను. నా సంగతి ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. నీ చీటీ మీద సంతకం చేశాను, నువ్వు రైలెక్కించు. అంతే. నేను పుటలు రాసినవాణ్ణి. అతను ఒక సలాం చెప్పించినవాడు. నాకు అట్ట, అతనికి పిలుపు.

అసూయ అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. అసూయే. కానీ ఒక్కటే కాదు. గఫూర్ వెళ్లిపోతే ఆ అరుగు మీద నేనెవరితో మాట్లాడాలి? సాయంత్రం స్టేషన్‌కు ఎవరితో పోవాలి? అతను ఎక్కడో వెలుగుల్లో రాణి అయి నిలబడితే, నేను ఇక్కడ మూరలు కొలుస్తూ కూర్చోవాలా? ఈ రెండింటిలో ఏది ముందు, ఏది వెనక అని ఎన్నేళ్లు తూకం వేసుకున్నానో. ఏది ముందైనా నా చెయ్యి చేసింది ఒకటే పని. అతను న్యాల్‌కల్ నుంచి రావడానికి రోజులు పట్టింది. కాబట్టి ఆవేశంలో చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు. ఆలోచించుకునే చేశాను.

ముందు అతని ఖాళీ అట్ట మీద రాణిగారి సంతకం నేనే గీసేద్దామా అనుకున్నాను. ఛ, దొంగ సంతకం పాపం అనిపించింది. నిజంగానే అనిపించింది. అందుకని దుకాణం కత్తెర తీసుకుని జాబు అడుగున ఉన్న అసలు సంతకాన్ని కత్తిరించాను. ఇదైతే ఆయన చేసిందే కదా, ఇందులో అబద్ధం ఏముంది అని సర్దిచెప్పుకున్నాను. ఇద్దరికీ ఒక్కో సంతకం. సమానం చేశాను. ఆ మాటే అనుకున్నాను, సమానం. మిగిలిన జాబూ, ఖాళీ అట్టా స్నానాల కాగు కింద పొయ్యిలో పెట్టాను. మా అమ్మ ఏందిరా కాలబెడుతున్నవ్ అంటే చిత్తు కాగితాలన్నాను.

కోత వంకరగా వచ్చింది. చివరి పంక్తిలో కిందికి వేలాడుతున్న ఒత్తులు రెండు కత్తెరకు చిక్కకుండా సంతకం ముక్క మీదే ఉండిపోయాయి. పైన అక్షరాలు లేవు, ఒత్తులు మాత్రం ఉన్నాయి. ఇంకోసారి కోస్తే సంతకం తెగుతుంది. వదిలేశాను.

గఫూర్ బండి మీది నుంచి మిషన్ దించుతూనే అడిగాడు.

"వచ్చిందా?"

"వచ్చింది." ముందు నా అట్ట చూపించి, తర్వాత అతని ముక్క ఇచ్చాను.

చెయ్యి అంగీకి తుడుచుకుని తీసుకున్నాడు. బొటనవేలు పైఅంచు మీద ఇటునుంచి అటు నడిచింది.

"నాది మన అట్ట మీద చెయ్యలేదేంది?"

"అట్ట ఎక్కడ్నో పోయినట్టుంది. కాగితం మీద చేసిన్రు."

"పైన గీ గీతలేంది మరి?"

"కలం నడుస్తుందా లేదా అని గీకి చూసుకున్నట్టున్నరు."

బండివాడు తొందరపెడుతున్నా కదలలేదు.

"గింతేనా రాసిన్రు?"

"గింతే."

"నా పాట సంగతి ఏం అనలే?"

"ఆయనకు ఊరూరికి ఒక దర్జీ ఉంటడు గఫూర్. ఎంతమందిని యాది పెట్టుకుంటరు?"

"గది నిజమే తీ," అన్నాడు. తర్వాత నా భుజం తట్టి, "నువ్వు రాయబట్టి గిదన్న వచ్చింది," అన్నాడు.

ఇంతవరకూ చెప్పి ఆపేద్దామనుకున్నాను. నిన్న ఇక్కడిదాకా రాసి కాగితం మడిచిపెట్టాను కూడా. పొద్దున లేచాక చేతులు ఊరుకోలేదు. ఇంకొకటి ఉంది. అది చెప్పకపోతే ఇది కూడా కత్తిరించిన జాబే అవుతుంది.

రాణిగారు గఫూర్ కోసం ఎదురుచూస్తారని నాకు తెలుసు. రాకపోతే మళ్లీ రాస్తారు, ఆ జాబు గఫూర్ చేతిలో పడవచ్చు, ఎవరిచేతనైనా చదివించుకోవచ్చు. ఆ భయంతో నేనే జవాబు రాశాను. దర్జీకి నాటకాలంటే ఇష్టం లేదు, ఇంటివాళ్లు ఒప్పుకోవడం లేదు, వాళ్ల మతంలో ఆడవేషం తప్పంటారు, దయచేసి మళ్లీ రాయవద్దు అని. మూడూ అబద్ధాలే. గఫూర్ వాళ్ల నాయన కొడుకు పాట వింటూ కాజాలు కుట్టిన మనిషి. ఈసారి ఏజెంటునడిగి ఇంగ్లీషు సర్కారు టికెట్టు తెప్పించి, సరిగ్గా అంటించి పంపాను. రాణిగారు మళ్లీ రాయలేదు.

వానలు పట్టాయి. గఫూర్ అరుగు మీద కుడుతూ పాడుతూనే ఉన్నాడు. నేను లోపల కూర్చుని వింటూనే ఉన్నాను. మిషన్ ఆగి పాట మొదలైతే లేచి ఏదో పని ఉన్నట్టు వెనక గదిలోకి పోయేవాణ్ణి. ఆ ఏడాది అతనికి ఇంకా దారి ఉంది, నేను నోరు విప్పితే చాలు. ఆ మరుసటి ఏడాది కూడా. ఒక్కసారి చేసిన తప్పని అందుకే అనలేను. ప్రతి పొద్దూ దుకాణం తెరిచినప్పుడల్లా మళ్లీ చేశాను.

తర్వాత నిజాం రాజ్యం పోయిన రోజులు వచ్చాయి. అంతకు ముందు భయపడింది మావాళ్లు, ఆ తర్వాత భయపడింది గఫూర్ వాళ్లు. గఫూర్ తమ్ముడు చిరాగ్‌పల్లి తోవలో పోయాడు, మళ్లీ ఇంటికి రాలేదు. గఫూర్‌నూ వాళ్ల ముసలి నాయననూ మా దుకాణం వెనక గదిలో తానుల చాటున దాచాం. ఊరు చల్లబడేదాకా అక్కడే ఉన్నారు. ఎవరైనా వచ్చి తలుపు తడితే గఫూర్ నోట్లో గుడ్డ కుక్కుకునేవాడు, దగ్గు వినపడుతుందని. నేనే అన్నం పట్టుకెళ్లేవాణ్ణి. గుడ్డ తీసి నా వైపు చూసేవాడు, ఆ చూపు తట్టుకోలేక కంచం కింద పెట్టి వచ్చేసేవాణ్ణి.

ఆ తర్వాత అతను పాడలేదు. అడిగితే, "గొంతు పోయింది తీ" అని నవ్వేవాడు.

ఊరంతా నన్ను మెచ్చుకుంది. ఎవరు కనబడినా గఫూర్ నన్ను చూపించి, "గీయన లేకుంటే నేను లేను" అనేవాడు. పెళ్లిళ్లలో అన్నాడు, పంచాయితీల్లో అన్నాడు, తన పిల్లలకు చెప్పాడు. నేను తల వంచుకుంటే పెద్దరికం అనుకున్నారు. నేను లేకుంటే అతను ఆనాడు హుబ్బళ్లిలో ఉండేవాడు. ఈ వాక్యాన్ని తల వంచుకున్న ప్రతిసారీ లోపల అనుకున్నాను. ఒక్కసారి కూడా పైకి అనలేదు.

ఆ కంపెనీ ఎప్పుడో మూతపడిందని విన్నాను. సినిమాలు వచ్చాయి, రేకుల డేరాలు పోయాయి. పోయినా గఫూర్ అక్కడ రెండు మూడేళ్లు వెలిగి, చెడి, తిరిగి వచ్చేవాడేమో అని వాదించుకునేవాణ్ణి. కావచ్చు. తిరిగి వచ్చి మళ్లీ మిషన్ ముందే కూర్చునేవాడేమో. కానీ అది అతను పోయి తేల్చుకోవాల్సిన సంగతి. నేను కత్తెరతో తేల్చాల్సింది కాదు.

ఆ సంతకాన్ని అతను పటం కట్టించి మిషన్ ఎదురుగా తగిలించుకున్నాడు. నల్ల గుడ్డ మీద అతికించి, పైఅంచు మీద మాత్రం సన్నటి జరీ పట్టీ కుట్టాడు. అందంగా ఉందనేవాళ్లు అందరూ. నేనూ అన్నాను. నా అట్ట పెట్టె అడుగున ఎక్కడో పడి ఉండేది, దాన్ని మళ్లీ చూడాలనిపించలేదు.

పోయిన వానాకాలానికి ముందు గఫూర్ కన్ను మూశాడు. నెల తిరిగాక అతని బిడ్డ ఆ పటం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"గిది మీకే ఇయ్యమన్నడు మా అబ్బా. ఇంకెవ్వలకు వద్దన్నడు," అంది. ఎందుకో చెప్పాడా అని అడిగాను. "ఏం చెప్పలే. మీకు ఎరికేనన్నడు."

నాకు ఎరుకేనట. ఆ మాట పట్టుకుని రోజులు గడిచాయి. కూర్చోలేను, పడుకోలేను. ఇంట్లోవాళ్లు దవాఖానకు పోదాం రమ్మంటారు. మొన్న పటం విప్పి, ఆ జరీ పట్టీని కుట్లు తెగకుండా కొంచెం పైకెత్తి చూశాను. కింద నా వంకర కోత అలాగే ఉంది. రెండు ఒత్తులూ ఉన్నాయి. మిగతా మూడు వైపులా అంచుకు అతను ఏమీ చేయలేదు. నేను కోసిన వైపు ఒక్కటే కప్పి కుట్టాడు.

కోసిన అంచు పోగులు ఊడిపోకుండా మడిచి కుట్టడం దర్జీ పని. బట్టల దుకాణంలో పుట్టినవాణ్ణి, కోసిన అంచేదో, నేసిన అంచేదో నాకే ముట్టుకుంటే తెలుస్తుంది. అతనికి తెలియదా? ఆ రోజు బొటనవేలు నడిచినప్పుడే తెలిసిందా? ఏం కోశానో తెలియకపోయినా ఏదో కోశానని తెలిసి, నా దోస్తీ పిగిలిపోకుండా కుట్టుకున్నాడా? లేక కంటికి బాగుంటుందని ఊరికే కుట్టాడా? అడగడానికి మనిషి లేడు. క్షమించమనడానికీ లేడు. మీరు క్షమిస్తే నాకు పనికిరాదు, మీ గొంతు కాదు పోయింది.

అయినా రాశాను. రాస్తున్నంతసేపూ చెయ్యి నొప్పి పుట్టింది, ఊపిరి మాత్రం చాన్నాళ్లకు కొంచెం నిండుగా ఆడింది. ఆ రోజు బండి పక్కన నిలబడి అతను అడిగినదానికి నా దగ్గర ఒక జవాబు బాకీ ఉండిపోయింది. ఇక్కడ చెప్పేస్తాను, మీరు సాక్షి.

గఫూర్, గింతేనా అని అడిగినవు. గింతే కాదు. నిన్ను రమ్మన్నరు.